కుర్చీ పక్కన ఐదు నిమిషాలా, కోనేటి గట్టున గంటా?

విజయనగరంలో ఒత్తిడి తగ్గించుకోదలచిన ఉద్యోగి తెల్లవారుజామున అయ్యకోనేరు గట్టున గంటసేపు ఆసనాలు వేయవచ్చు, లేదా కార్యాలయంలోనే ఐదు నిమిషాలు యోగాకు కేటాయించవచ్చు. రెండవదాని కోసం ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో వై-బ్రేక్ (యోగా విరామం) యాప్‌ను విడుదల చేసింది. అందులో నిటారుగా నిలిచి ఒళ్లు సాగదీసే తాడాసనం, భుజాలు తిప్పే స్కంధచక్రం, నడుము తిప్పే కటిచక్రాసనం వంటి వాటి తరువాత ముక్కు రంధ్రాలు మార్చి మార్చి శ్వాసించే నాడీశోధనం, తుమ్మెదలా నాదం చేస్తూ శ్వాస వదిలే భ్రామరి, కొద్దిపాటి ధ్యానం ఉంటాయి కనుక, కంప్యూటరు ముందు వంగి బిగుసుకున్న మెడ, భుజాలు, నడుము అక్కడికక్కడే సడలి, నెమ్మదించిన శ్వాసతో మనసూ కుదుటపడుతుంది. నలుగురిలో అలా నాదం చేయడానికి మొదట్లో సిగ్గనిపించడం సహజమే. గట్టున చేసే సాధన మరింత లోతైనది, సందేహం లేదు. సూర్యనమస్కారాలకూ శవాసనానికీ అక్కడే తీరిక. అయితే శ్రీకాకుళం వైపు నుంచి రోజూ రైలెక్కి వచ్చేవారికి ఆ గంట దొరకదు. అటువంటివారికి నేను సూచించేది ఆ ఐదు నిమిషాలనే, మార్చి నెలాఖరు లెక్కల రోజుల్లో మరీను.