పడవలో ఐస్‌బాక్స్ మూత: నాలుగు వేసవుల తర్వాత

అమెరికా తూర్పు తీరంలోని చీసపీక్ బేలో తిరిగే మా 30 అడుగుల పాత సెయిల్‌బోట్‌లో ఫ్రిజ్ లేదు. వంటగట్టులోకి దింపిన ఐస్‌బాక్స్, దానికి పైనుంచి ఎత్తే మూత, అంతే. జులైలో 10 పౌండ్ల ఐస్ దిమ్మ వేస్తే మర్నాడు సాయంత్రానికి నీళ్లే. మూత పైభాగం ఎప్పుడూ చెమట పట్టి ఉండేది. ఓసారి అనుమానమొచ్చి తూకం వేస్తే దాదాపు 5 కిలోలుంది.

అడుగు పలక ఊడదీశాను. లోపలి ఫోమ్ టీలో నానిన రస్కులా ఉంది, నొక్కితే నీళ్లు. మూత ఎత్తే రింగు స్క్రూల దగ్గరే దిగాయి. తడిసిన ఫోమ్ వేడిని ఆపదు, ఉన్నా లేనట్టే.

మొదట డబ్బాలో వచ్చే స్ప్రే ఫోమ్ కొట్టి తప్పు చేశాను. దానికి తేమ తగిలితేనే గట్టిపడుతుంది. మూసిన మూతలో నడిమి భాగం వారమైనా బంకలాగే ఉంది. అదంతా గోకేసి, 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డు (థర్మోకోల్‌కి గట్టి అన్నయ్య అనుకోండి) కోసి ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అంటించాను. ఇక్కడ ఫైబర్‌గ్లాస్ పనికి వాడే పాలిస్టర్ రెసిన్ జోలికి పోవద్దు. అందులోని స్టైరీన్ అనే ద్రావకం బోర్డుని తినేస్తుంది. చిన్న ముక్క మీద చుక్క వేసి చూశాను, చూస్తుండగానే గుంట పడింది. స్క్రూ రంధ్రాలను పెద్దవి చేసి, ఎపాక్సీ నింపి, ఆరాక దాని మధ్యలో మళ్లీ డ్రిల్ చేశాను. ఇప్పుడు స్క్రూ వదులైనా నీళ్లు ఫోమ్ దాకా పోవు.

నాలుగు వేసవులైంది. మూత బరువు రెండున్నర కిలోలు, బిగించిన రోజు ఎంతో ఇప్పుడూ అంతే. అదే దిమ్మ రెండున్నర రోజులు వస్తోంది. అయితే ఆ ఘనత అంతా బోర్డుది కాదు. గాస్కెట్ (మూత అంచున గాలి దూరకుండా వేసే పట్టీ) వేయకముందు కొత్త మూతతో కలిసొచ్చింది ఒక్క పూట. అంచు చుట్టూ డాలర్ నోటు పెట్టి మూత వేసి లాగి చూస్తే, సింకు వైపు మూలలో నోటు అడ్డం లేకుండా జారిపోయింది, అంటే అక్కడ సందుంది. అక్కడ సన్న చెక్కబద్ద అతికించి, చుట్టూ ఈపీడీఎం రబ్బరు గాస్కెట్ వేశాకే తేడా తెలిసింది. అడుగున నీళ్లు పోయే గొట్టానికి బిరడా పెట్టడమూ అప్పుడే తట్టింది. చల్లగాలి బరువు కదా, అటునుంచి నేరుగా జారిపోయేది.

ఖర్చు వంద డాలర్ల లోపే. విసుగు పుట్టించేది గాస్కెట్టే, ఇప్పటికి రెండుసార్లు మార్చాను. చవక స్పాంజి పట్టీ ఒక్క వేసవికే అప్పడమైంది. రబ్బరుది నయం, కానీ ఆ సింకు మూలలో జిగురు మళ్లీ లేస్తోంది.