చెరువు కట్ట నడకా, కుర్చీ కసరత్తా?

మా పెదనాన్నకు పెద్దపేగు క్యాన్సర్ చికిత్స అయిపోయింది. నెల్లూరు స్వర్ణాల చెరువు కట్ట మీద నడకంటే ఆయనకు ప్రాణం. ఖర్చు లేదు, నలుగురు కనిపిస్తారు, చికిత్స మిగిల్చిన నీరసమూ తగ్గుతుంది. వారానికి 150 నిమిషాలు లక్ష్యం. కానీ రోహిణి కార్తె ఎండలో బయట కాలు పెట్టగలమా? పైగా కీమో వల్ల అరికాళ్లు తిమ్మిర్లు, గతుకుల్లో తూలిపడతాడని మాకు టెన్షన్.

పెద్దమ్మేమో ఇంట్లోనే కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమంటుంది, చేతుల్లో నీళ్ల సీసాలతో. చూస్తే నవ్వొస్తుంది గానీ, వయసూ చికిత్సా కలిసి కరిగించిన కండ నడకతో అంతగా తిరిగి రాదు. దానికి ఇలాంటి కసరత్తే కావాలి, వారానికి కనీసం 2 రోజులు. విసుగు మాత్రం ఎక్కువ.

నన్నడిగితే వేసవిలో కుర్చీ, చలికాలంలో రెండూ. ఎముకలకు క్యాన్సర్ పాకినవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే ఏదైనా మొదలుపెట్టాలి.