పోకర్ టోర్నీ: 5 నిమిషాల లెవెలా, 20 నిమిషాలదా?

తిరుపతిలో ఆడేవాళ్లకు ముందే ఒక మాట: ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి రమ్మీ, పోకర్ ఆడటాన్ని రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఇంట్లో చింతగింజలే చిప్స్ (పందెం బిళ్లలు) అనుకోండి.

తలా 1500 గింజలు. బ్లైండ్లంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టే చిన్న, పెద్ద పందేలు; అవి మారకుండా ఉండే సమయమే లెవెల్. లెవెల్‌కో మెట్టు పెరుగుతాయి: 10/20, 15/30, 25/50, 50/100, 75/150. చేత్తో పంచితే 5 నిమిషాలకు రెండు మూడు ఆటలే పడతాయి. అంటే టర్బోలో (5 నిమిషాల లెవెల్లో) పదో ఆట దాటేసరికే బ్లైండ్లు 75/150కి చేరి, చేతిలో ఉండేవి 10 పెద్ద బ్లైండ్లకు సరిపడా గింజలే. ఒక్క చుట్టుకు 225 పోతుంది, అంటే ఉన్నదాంట్లో 15 శాతం. మంచి ముక్కల కోసం కాచుకునేవాడు ఇక్కడే మునుగుతాడు. ఆల్‌ఇన్ (ఉన్నదంతా పెట్టడం) లేదా ఫోల్డ్ (ముక్కలు పారేయడం), అంతే. రెండు రాణులతో ఆల్‌ఇన్ వేసినా, ఎదుట ఆసు-రాజు ఉంటే గెలుపు దాదాపు 57 శాతమే.

అలాగని నేర్పు లేదనలేం. బటన్ (పంచేవాడి స్థానం) మీద ఏ ముక్కలతో ఆల్‌ఇన్ తోయాలో, ముందుగా ఆడాల్సిన సీట్లో ఏవి పారేయాలో తెలిసినవాడిదే పైచేయి. కాకపోతే అది ఒక్క సాయంత్రంలో కనబడదు.

20 నిమిషాల లెవెల్లో అదే దశకు నలభై ఆటలు పడతాయి. ఫ్లాప్ (బల్లపై తెరిచే మొదటి మూడు ముక్కలు) చూసి తప్పుకోవచ్చు, ఎదుటివాడి పందెం తీరు పట్టుకోవచ్చు. నేర్చుకోవాలంటే మా ఓటు దీనికే. భోజనాల వేళకు ముగియాలంటే మాత్రం టర్బో.