గోపాల్‌పూర్ ఫొటోలు రెండు, గోడ ఒకటి: ఏది మేలు?

ఒడిశా బరంపురంలో మా పిన్ని వాళ్లు కొత్తగా కట్టుకున్న ఇంట్లో హాలు గోడ ఒకటి ఖాళీగా ఉండిపోయింది. సోఫా వెనక గోడ. "క్యాలెండర్లు తగిలించి దాన్ని పాడుచెయ్యను. నువ్వు తీసిన ఫొటో ఒకటి పెద్దది చేయించి పట్టుకురా" అంది పిన్ని. పెద్దదంటే ఎంత అని అడిగితే రెండు చేతులూ బార్లా చాపింది. టేపు పెడితే 60 అంగుళాలకు అటూ ఇటూగా వచ్చింది. ల్యాబ్ వాళ్ల సైజుల్లో అది 40×60.

నా దగ్గర పోటీకి నిలబడ్డవి రెండు ఫొటోలు. రెండూ గోపాల్‌పూర్ బీచిలో ఒకే రోజు పొద్దున, ఒకే కెమెరాతో తీసినవి. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, ఫైలు 6000×4000 పిక్సెళ్లు.

ఒకటి లైట్‌హౌస్ ఫొటో. సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చాక ట్రైపాడ్ వేసి తీరిగ్గా తీశాను. ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), ఐఎస్ఓ 100 (వెలుతురు తగ్గేకొద్దీ పెంచుకునే అంకె). ఇసుక మీదికి లాగి పెట్టిన పడవలు, వాటి మీద ఆరబోసిన వలలు, వెనక లైట్‌హౌస్. స్క్రీన్ మీద జూమ్ చేస్తే వల ముళ్లు లెక్కపెట్టుకోవచ్చు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. చూసినవాళ్లు "బాగుంది" అని పక్క ఫొటోకి వెళ్లిపోతారు.

రెండోది అంతకు అరగంట ముందు తీసింది. ఒడియావాళ్లు నోళియాలని పిలిచే మన తెలుగు జాలర్లు పడవను అలలోకి నెడుతున్నారు. ముందున్నాయన వెనక్కి తిరిగి ఏదో కేకేస్తున్నాడు. అల అప్పుడే విరిగి నురగ వాళ్ల మీద పడుతోంది. వెలుతురు ఇంకా సరిగ్గా రాలేదు. 85 ఎంఎం లెన్సు, ఐఎస్ఓ 3200, సెకనులో 60వ వంతు, చేత్తోనే పట్టుకున్నాను. చేత్తో తీసేటప్పుడు ఆ లెన్సుకి షట్టర్ సెకనులో 85వ వంతుకన్నా ఎక్కువసేపు తెరిచి ఉండకూడదని పాత లెక్క. అది పాటించలేదు, చెయ్యి అదిరింది. జూమ్ చేస్తే ప్రతి అంచూ సుమారు ఐదు పిక్సెళ్ల మేర పక్కకి జారి ఉంది. అయినా ఈ ఫొటో చూపిస్తే మా బావ దగ్గర్నుంచి టీకొట్టు అబ్బాయి దాకా అందరూ ఫోన్ లాక్కుని మరీ చూశారు.

ఇప్పుడు గోడ ఎక్కాల్సింది ఏది?

ఫొటోలు తీసే స్నేహితులకు ఇది ప్రశ్నే కాదు. షార్ప్‌గా లేనిది పెద్దది చెయ్యకూడదు, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, లేకపోతే ప్రింటే వెయ్యకూడదు అంటారు. ఆ 300 ఎక్కడిదో చూస్తే సగం గొడవ తీరిపోతుంది. మామూలు చూపున్న మనిషి కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం దాకా విడదీసి చూడగలదు. దాన్ని లెక్కగా మార్చుకోవడం సులువే: 3438ని మీరు నిలబడే దూరంతో, అంగుళాల్లో, భాగించండి. అంగుళానికి అన్ని పిక్సెళ్లుంటే చాలు, అంతకన్నా ఎక్కువున్నా ఆ దూరం నుంచి కంటికి ఆనవు. అడుగు దూరానికి 286. మూడు అడుగులకు 95. తొమ్మిది అడుగులకు 32. అంటే 300 అనేది చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్ లెక్క. దాన్ని తెచ్చి గోడకు అంటగట్టారు.

పిన్ని వాళ్ల హాల్లో గుమ్మం నుంచి, ఎదుటి కుర్చీల నుంచి ఆ గోడ తొమ్మిది అడుగులు. మధ్యలో సోఫా ఉంది కాబట్టి మూడడుగుల లోపలికి ఎవరూ పోలేరు, పిల్లలు సోఫా ఎక్కితే తప్ప. 6000 పిక్సెళ్లను 60 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 100. మూడడుగులకు కావలసింది 95. లెక్క కుదిరిపోయింది. పిక్సెళ్ల విషయంలో రెండు ఫొటోలూ పాసే. 45 మెగాపిక్సెళ్ల కెమెరా కొనుక్కోమని సలహా ఇచ్చినాయనకు ఈ లెక్కే చెప్పాను. అదిరిన చేతిలో ఆ కెమెరా ఉన్నా అదే అదురుని ఇంకాస్త వివరంగా రాస్తుంది, అంతే.

అసలు చిక్కు అదురు దగ్గరే. ఐదు పిక్సెళ్లంటే 40×60 ప్రింటులో దాదాపు 1.3 మిల్లీమీటర్లు. తొమ్మిది అడుగుల నుంచి కన్ను పట్టుకోగలిగే చిన్న గీత 0.8 మిల్లీమీటర్లు. కాబట్టి పిన్ని కోరిన సైజులో పడవ ఫొటో వేస్తే గుమ్మంలోంచే అలికినట్టు తెలిసిపోతుంది. 24×36 వేస్తే? అంగుళానికి 167 పిక్సెళ్లు, అదురు 0.76 మిల్లీమీటర్లు. అదే తొమ్మిది అడుగుల్లో కంటికి అందకుండా పోతుంది. అందుకే ఏ ఫొటో అనే దాన్ని ఎంత సైజు అనే దాంతో కలిపే తేల్చుకోవాలి. విడివిడిగా తేలదు.

ఇక్కడ ఒక మాట. మసక అంతా ఒకటే జాతి కాదు. పిక్సెళ్లు తక్కువైతే వచ్చే మసక మెత్తగా ఉంటుంది, దూరం జరిగితే పోతుంది, కంటికి పెద్ద ఇబ్బంది ఉండదు. మనిషి కదలడం వల్ల వచ్చేది వేరు. పడవ కొమ్ము, తాడు స్పష్టంగా ఉండి చెయ్యి ఒక్కటే చెదిరితే అది చూసేవాడికి వేగంలా అనిపిస్తుంది, తప్పులా కనబడదు. ఫోకస్ తప్పడం ఇంకోటి. ముఖం కోసం చూస్తే వెనక గోడ షార్ప్‌గా ఉంటుంది, పెద్దది చేసేకొద్దీ అదే ఎత్తి చూపిస్తుంది. కెమెరా అదిరితే మాత్రం ఫొటో మొత్తం ఒకే దిక్కుకి జారుతుంది. కంటికి ఆనుకోవడానికి ఒక్క చోటు కూడా దొరకదు. ఈ నాలుగింట్లో నేను పెద్ద ప్రింటుకి ఎక్కువ భయపడేది ఈ చివరిదానికే. నా పడవ ఫొటోకి పట్టిందీ అదే.

రెండో ప్రపంచయుద్ధంలో, 1944 జూన్ 6న సైన్యం ఫ్రాన్స్‌లోని నార్మండీ ఒడ్డున దిగుతుంటే యుద్ధ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా తీసిన ఫొటోల్లో, నీళ్లలో ఉన్న సైనికుడి ముఖం అలికేసినట్టే ఉంటుంది. ఎనభై ఏళ్లుగా లోకం దాన్ని చూస్తూనే ఉంది. ఇది చెప్తే మా బావ "నువ్వు కాపావి కాదు, పిన్ని హాలు యుద్ధభూమీ కాదు" అన్నాడు. నిజమే. పైగా ఆ ఫొటో చాలామందికి చేరింది పత్రిక పేజీ సైజులో, గోడ సైజులో కాదు.

షార్ప్‌నెస్ పెంచే బటన్ ఉంది కదా అంటారు. ఉంది. అది లేని వివరాన్ని తేదు. ఉన్న అంచుల్ని ఇటు నలుపు అటు తెలుపు చేసి గట్టిగా చూపిస్తుంది. లైట్‌హౌస్ ఫొటోకి కొంచెం వేస్తే ప్రింటులో ప్రాణం వచ్చింది, ఎక్కువ వేస్తే లైట్‌హౌస్ చుట్టూ ముగ్గు గీసినట్టు తెల్లగీత వచ్చింది. ఇక ఏఐతో పెద్దవి చేసే సాఫ్ట్‌వేర్లు. ఇసుక, నీళ్లు, ఆకులు అయితే పర్వాలేదు. ముఖాల దగ్గరకొచ్చేసరికి ఊహించి గీసేస్తాయి. మా చిన్నాన్న షష్టిపూర్తికి వాట్సాప్‌లో తిరిగిన ఆయన ఫొటోనే ఒక ల్యాబ్‌లో ఇస్తే, వాళ్లు అలాగే శుభ్రంచేసి ఇచ్చారు. కనురెప్పలు ఒక్కోటీ లెక్కపెట్టేలా వచ్చాయి. పిన్ని ఫ్రేము చేతిలోకి తీసుకుని "ఇదెవర్రా?" అంది. ఆ రోజు టెన్షన్ నాకింకా గుర్తే.

అదే వాట్సాప్ ఫొటో వీధిలో అయితే చక్కగా సరిపోతుంది, అదీ తమాషా. రెండేళ్లకోసారి బరంపురంలో ఠాకురాణి యాత్ర వస్తే వీధి వీధికీ ఫ్లెక్సీలు లేస్తాయి. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటో పొడుగు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. పది అడుగుల ఫ్లెక్సీకి పరిస్తే అంగుళానికి 13. ఇరవై అడుగుల నుంచి చూసేవాడికి కావలసింది 14. రోడ్డు మీద పోయేవాడు ఆ ఒక్కటి కోసం ఆగి తగవు పెట్టుకోడు. 2015లో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 6తో తీసిన ఫొటోల్నే ఊళ్లలో పెద్ద పెద్ద హోర్డింగులుగా కట్టింది. దాని కెమెరా 8 మెగాపిక్సెళ్లదే. ఇదే 1600 పిక్సెళ్లను హాల్లో 36 అంగుళాల ఫ్రేములో పెడితే అంగుళానికి 44 వస్తుంది. మూడడుగుల నుంచి చూస్తే పళ్లికిలిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు మా బావ పట్టుచీరల షాపు. బరంపురం పట్టుచీర అంచు మీద గుడి గోపురాల వరస ఉంటుంది, ఫొడా కుంభ అంటారు. ఆ అంచు ఒక్కటే కనిపించేలా షాపు గోడకి 4×6 అడుగుల ప్రింటు కావాలన్నాడు. చీర కొనేవాళ్లు ఆ ఫొటోను కూడా చీరలాగే చూస్తారు, ముక్కు ఆనించి. వేలితో తడిమేవాళ్లు కూడా ఉంటారు. నేత పోగులు కనబడకపోతే ఆ ప్రింటుకి అర్థమే లేదు. రెండడుగుల దూరానికే అంగుళానికి 143 కావాలి, 72 అంగుళాలకు పదివేల పైచిలుకు పిక్సెళ్లు. నా 6000 ఏ మూలకి? ఒక్క క్లిక్కుతో అయ్యే పని కాదు. చీరని పలక మీద బిగుతుగా పరిచి, కెమెరాని దానికి సమాంతరంగా ట్రైపాడ్‌కి కట్టి, ముక్కలు ముక్కలుగా తీసి కంప్యూటర్‌లో కలపాలి. దీపం పక్కనుంచి వాలుగా పడితేనే పోగు లేచి కనిపిస్తుంది. సన్నటి నేత మీద కెమెరా ఒక్కోసారి లేని రంగుల అలలు పుట్టిస్తుంది కూడా. కాస్త దూరం మార్చి మళ్లీ తియ్యాలి.

బావ స్నేహితుడొకాయన ఎఫ్/22 పెట్టు, అంతా షార్ప్‌గా వస్తుందన్నాడు. 1932లో కాలిఫోర్నియాలో ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ వాళ్లు ఎఫ్/64 అనే పేరుతోనే గుంపు కట్టారు కదా అని సాక్ష్యం కూడా తెచ్చాడు. వాళ్లవి పెద్ద పెద్ద షీట్ ఫిల్ములు, అంత పెద్దదిగా సాగదీయాల్సిన అవసరం ఉండేది కాదు. మన కెమెరా చిన్న సెన్సారులో రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర వంగి చెదురుతుంది, అన్నీ సమానంగా మెత్తబడతాయి. చదునుగా పరిచిన చీరకి ఎఫ్/8 చాలు.

కాగితం సంగతి కూడా తీసిపారెయ్యకూడదు. కాన్వాస్ గరుకు చిన్న చిన్న మసకల్ని కడుపులో దాచుకుంటుంది. గ్లాసీ, అక్రిలిక్ దేన్నీ దాచవు, పైగా ట్యూబ్‌లైట్‌ని తెచ్చి ఫొటో మధ్యలో పెడతాయి. పడవకి మెరుపు లేని మ్యాట్ కాగితం, చీర అంచుకి గ్లాసీ అని తేల్చుకున్నాను.

తేల్చుకోవడానికి ముందు ఒక పని చేశాను, అది ఎవరికైనా చెప్తాను. పెద్ద ప్రింటుకి డబ్బు కట్టకముందు, అసలు సైజులో అది ఎలా ఉంటుందో తెలిసేలా ఫొటోలో ఒక్క ముక్క మాత్రం 8×12 కాగితం మీద వేయించండి. 40×60కైతే ఫొటోలోంచి 800×1200 పిక్సెళ్ల ముక్క కత్తిరించి ఇస్తే సరిపోతుంది. పడవలో ముందున్నాయన ముఖం రెండు సైజుల్లో, లైట్‌హౌస్ ఒక సైజులో వేయించి గోడకి టేపుతో అంటించాను. పిన్నిని గుమ్మంలో నిలబెట్టాను. పెద్ద ముఖం చూసి "కళ్లజోడు తెచ్చుకోనీ" అని లోపలికి వెళ్లబోయింది. చిన్నది చూసి "ఎవర్ని పిలుస్తున్నాడ్రా?" అంది. లైట్‌హౌస్ ముక్క గురించి ఏమీ అనలేదు.

పడవ ఫొటో 24×36లో వేయించి, చుట్టూ వెడల్పాటి తెల్ల అట్ట అంచు, అదే మౌంటు, పెట్టి ఫ్రేము కట్టించాం. చాపిన చేతులంత రాలేదని పిన్నికి కాస్త వెలితి ఉంది. మౌంటు, ఫ్రేముతో గోడ మీద చోటు మాత్రం బాగానే ఆక్రమించింది. లైట్‌హౌస్‌ని 12×18 చేయించి మెట్ల పక్కన సన్నటి నడవలో పెట్టాను. అక్కడ రెండడుగులకు మించి వెనక్కి జరగడానికి లేదు, ఎవరైనా దగ్గర్నుంచే చూడాలి. అంగుళానికి 333 పిక్సెళ్లు. చిన్నాన్న మేడ ఎక్కుతూ అక్కడ ఆగి వల ముళ్లు చూస్తున్నాడట.

బావ చీర ఇంకా పలక మీదే ఉంది. మొన్న తీసిన ముక్కల్లో రెండు సరిగ్గా అతకలేదు, ఆదివారం మళ్లీ తియ్యాలి.