మా కాంక్రీట్ ఇంట్లో 7 వేసవులు గడిచాక

గుంటూరులో 240 గజాల స్థలంలో ప్లాస్టరింగ్ లేకుండా, రంగులు లేకుండా, గోడలు స్లాబు అంతా కాంక్రీట్ కనపడేలా ఇల్లు కట్టుకున్నాం, మొన్న రోహిణి కార్తెతో అందులో 7 వేసవులు గడిచాయి. కట్టేముందు ఇలాంటి ఇళ్ళ ఫోటోలు వందలు చూశా గానీ మన ఎండల్లో అందులో ఉంటున్నవాళ్ళు తెలుగులో రాసింది ఒక్కటీ నాకు దొరకలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. ఇల్లంటే నాకు ప్రాణం, మళ్ళీ కట్టినా ఇలాగే కడతా. పైకప్పు దగ్గర మేం చేసిన తప్పు మాత్రం మీరు చెయ్యొద్దు.

ఈ ఆలోచన పుట్టింది పాండిచ్చేరిలో. అక్కడ అరవింద ఆశ్రమం వాళ్ళ గోల్కొండ అనే భవనం ఉంది, అంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు, 1930ల చివర్లో మొదలుపెట్టి కట్టారు. హైదరాబాద్ దివాన్‌గా చేసిన సర్ అక్బర్ హైదరీ నిజాం నుంచి డబ్బు ఇప్పించారు, అందుకే ఆ పేరు. గదులకి బయటివైపు అద్దాల కిటికీలు లేవు, తెరిచి మూసుకునే అడ్డపలకలే గోడలాగా ఉంటాయి. పైన స్లాబు మీద మళ్ళీ వంపు తిరిగిన కాంక్రీట్ పెంకులు పరిచి మధ్యలో గాలి ఆడేలా ఖాళీ వదిలారు. నేను ఆ గోడల నునుపు చూసి మురిసిపోయి వచ్చేశా. అసలు నేర్చుకోవాల్సింది ఆ పెంకుల దగ్గర ఉందని రెండు వేసవులు ఉడికిపోయాక గానీ తెలియలేదు.

మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, మామూలు పునాది వేస్తే గోడలు నెర్రెలిస్తాయి, అదీ ప్లాస్టరింగ్ లేని గోడ మీద నెర్ర వస్తే దాచడానికి ఏమీ ఉండదు కదా, అందుకని అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగి అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీట్ స్తంభాలు వేయించాం. ఖర్చయింది కానీ ఇన్నేళ్ళలో నేల వల్ల ఒక్క నెర్ర కూడా రాలేదు.

అసలు పని అంతా సెంట్రింగ్‌లోనే, అంటే కాంక్రీట్ పోయడానికి కట్టే చెక్క అచ్చులోనే ఉంది. మామూలు ఇంట్లో సెంట్రింగ్ వంకర వచ్చినా ప్లాస్టరింగ్‌లో సర్దేస్తారు, ఇక్కడ చెక్క ఎలా ఉంటే గోడ జన్మంతా అలాగే ఉంటుంది. నున్నటి ప్లైవుడ్ షీట్లు కొత్తవి తెప్పించి నాలుగైదు సార్లకి మించి వాడనివ్వలేదు, ఆ ఖర్చు మామూలుకి దాదాపు రెట్టింపు అయింది. పుట్టీ, రంగుల డబ్బు మిగులుతుంది కదా అనుకున్నాం, మిగల్లేదు. మేస్త్రీ పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్న మనిషి, మొదటి గోడకి చెక్క విప్పేరోజు తెల్లారకముందే వచ్చి నిలబడ్డాడు. గోడని అరచేత్తో తడిమి "బాబూ, ఇన్నేళ్ళు నా పని మీద ఇంకొకళ్ళు సిమెంటు పూసేవాళ్ళు" అన్నాడు, ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

అన్నీ అలా కుదరలేదు. హాల్లో కిటికీ కింద కాంక్రీట్‌ని కుదిపి సర్దే వైబ్రేటర్ సరిగ్గా అందక తేనెపట్టులా బొక్కలు పడ్డాయి, కంకర బయటికి కనిపించింది. దాన్ని పూడ్చారు గానీ ఆ ముక్క రంగు ఇవాళ్టికీ వేరుగానే ఉంది. కిటికీ కింద గోడ పోసేటప్పుడు మీరే దగ్గరుండండి, కాంక్రీట్ అక్కడ పక్కలనుంచి నెమ్మదిగా నిండాలి, తొందరపెడితే గాలి ఇరుక్కుంటుంది. ఇనుము కట్టాక తెగిన బైండింగ్ వైరు ముక్కలు కూడా ఏరించండి. మా వరండా స్లాబు అడుగున అవి మిగిలిపోయి రెండో వానాకాలానికి తుప్పు చుక్కలు తేలాయి.

కరెంటు పైపులు, స్విచ్ డబ్బాలు, ఏసీ పైపుల దారులు, గీజరు, ఆఖరికి కర్టెన్ రాడ్ కూడా కాంక్రీట్ పోసే ముందే తేలిపోవాలి, తర్వాత గోడ కొట్టడం కుదరదు. మేం నెలరోజులు నేల మీద సుద్దముక్కతో గదులు గీసుకుని మంచం ఇక్కడ ఫ్రిజ్ అక్కడ అని తిరిగాం, అయినా మిక్సీ దగ్గర ఒక ప్లగ్ మర్చిపోయాం, ఇప్పుడు అక్కడ గోడ మీద పైపు కనిపిస్తూ ఉంటుంది. అమ్మ మాత్రం ముందే చెప్పింది, గడప చెక్కదే ఉండాలి, పైన తోరణం కట్టడానికి కొక్కేలు, వీధిగోడకి దీపం గూళ్ళు కావాలని. వడ్రంగి చిన్న చిన్న చెక్కపెట్టెలు చేసి సెంట్రింగ్‌లో బిగించాడు, అలా 9 గూళ్ళు గోడతోపాటే వచ్చాయి. కార్తీకంలో వాటిలో ప్రమిదలు పెడితే ఆ బూడిదరంగు గోడ మీద వెలుగు పాకుతుంది చూడండి, ఇంటి మొత్తానికి నాకు నచ్చింది అదే.

ఇక వేడి సంగతి. కింద అంతస్తు బాగుంటుంది, పొద్దున పూట చల్లగా కూడా ఉంటుంది. పడమటివైపు బయట కాంక్రీట్, లోపల ఇటుక, మధ్యలో 2 అంగుళాల ఖాళీ వదిలి జంటగోడ కట్టించాం, ఆ గది మేలు. పైన పడకగదుల మీద మాత్రం 6 అంగుళాల స్లాబు, దాని మీద వాటర్‌ప్రూఫింగ్, అంతే. పగలంతా తాగిన ఎండని స్లాబు రాత్రి మన మీదకి వదులుతుంది. మే నెలలో అర్ధరాత్రి ఒంటిగంటకి మంచం మీద నిలబడి చెయ్యి ఎత్తి తాకితే స్లాబు వెచ్చగా ఉండేది, ఏసీ ఆపిన పావుగంటకి పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు. మా తాతగారి పెంకుటిల్లు ఇంతకంటే నయం అని అమ్మ అంటే నాకు చాలా బాధేసింది, నిజమే మరి.

మూడో వేసవికి ముందు డాబా మీద ఎక్స్‌పీఎస్ అనే, వేడిని ఆపే గట్టి ఫోమ్ షీట్లు 2 అంగుళాల మందానివి పరిపించి పైన వాలు చూసి సిమెంటు, దాని మీద తెల్ల టైల్స్ వేయించాం. పడమటి కిటికీలకి లోతు సజ్జలు ఎటూ ఉన్నాయి, వాటి ముందు నిలువు చెక్కపలకలు పెట్టించాం. ఇప్పుడు ఏప్రిల్లో ఫ్యాన్‌తోనే గడుస్తుంది, మేలో రాత్రి రెండు గంటలు ఏసీ వేసి ఆపేస్తాం. కట్టేటప్పుడే చేయిస్తే సగం ఖర్చులో అయ్యేది, ఈ పొరలతో డాబా నేల పైకి లేస్తుంది కాబట్టి పిట్టగోడ ఎత్తు కూడా ముందే లెక్కేసుకునేవాళ్ళం.

వానల్లో పిట్టగోడ మీంచి నీళ్ళు కారి ఉత్తరం వైపు నల్లటి చారలు, నాచు పడతాయి. సజ్జల అడుగున నీళ్ళు గోడ మీదకి పాకకుండా గాడి ఉన్నచోట గోడ శుభ్రంగా ఉంది, పిట్టగోడకి గాడి పెట్టలేదు, తేడా కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. కడిగి నీరు పట్టకుండా సీలర్ ఒకసారి కొట్టించాం, దసరా తర్వాత రెండోసారి కొట్టించాలి.

హాల్లో మాట మొదట్లో మారుమోగేది, పుస్తకాల అల్మారా, మందపాటి కర్టెన్లు, జంపఖానా వచ్చాక తగ్గింది. వైఫై ఒక గోడ దాటితే అందదు, రెండు రూటర్లు పెట్టాం. మేకు దిగదు, ఫోటో తగిలించాలన్నా హ్యామర్ డ్రిల్ కావాలి.

ఎదురింటి పెద్దాయన ఏడాదిపాటు "ఇంకా పూత పని మొదలెట్టలేదేంటయ్యా" అని అడిగేవారు. పోయిన నెల వాళ్ళబ్బాయి ఇల్లు కట్టుకుంటున్నాడని కొలతల టేపుతో వచ్చి మా పడమటి గోడ మందం, సజ్జ లోతు కొలుచుకుని వెళ్ళారు. డాబా మీదకి కూడా తీసుకెళ్ళి చూపించా.