క్లౌడా, షాడోనా? టాప్ మడిచే పాత రోల్స్ రాయిస్‌లలో ఏది మేలు

అమ్మకానికి వచ్చిన రోల్స్ రాయిస్ కన్వర్టిబుల్ ఫోటోలు పంపి, ఇది నిజంగా, కార్లకు బాడీలు కట్టే కోచ్‌బిల్డర్లైన ముల్లినర్ వారి చేతి పనేనా, లేక ఎవరో మామూలు సెడాన్‌కు తర్వాత టాప్ కోసేశారా అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాటిలో చాలా భాగం రెండే రకాలు. ఒకటి సిల్వర్ క్లౌడ్ 2 మీద హెచ్.జె. ముల్లినర్ సంస్థ చేసిన కన్వర్టిబుల్, రెండోది సిల్వర్ షాడో మీద ముల్లినర్ పార్క్ వార్డ్ (ఆ సంస్థ, పార్క్ వార్డ్ అనే మరో సంస్థ కలిసి ఏర్పడినది) చేసినది. ఛాసిస్ (ఇంజను, చక్రాలు ఉండే కింది చట్రం) ఒకరిది, బాడీ మరొకరిది అన్న పద్ధతి, చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవారికి కొత్తేమీ కాదు. ఆ కారు బాడీ బార్కర్ వారు కట్టినది.

ముందు క్లౌడ్ సంగతి. 1955లో వచ్చిన సిల్వర్ క్లౌడ్‌కు విడిగా ఉక్కు ఛాసిస్ ఉంటుంది; దాని మీద కూర్చునే సెడాన్ బాడీని ప్రెస్డ్ స్టీల్ కంపెనీ తయారుచేసేది. 1959లో 6,230 సీసీ వీ8 ఇంజనుతో క్లౌడ్ 2 వచ్చిన తర్వాత, ముల్లినర్ వారు 7504 అనే నంబరు గల డిజైన్ కింద ఆ సెడాన్ బాడీనే తీసుకుని, టాప్ తొలగించి, నాలుగు డోర్ల స్థానంలో రెండు పొడవాటి డోర్లు అమర్చి, కన్వర్టిబుల్‌గా మార్చారు. చిక్కంతా ఇక్కడే ఉంది. అసలు కారు కూడా పుట్టుకతో సెడానే గనుక, తర్వాతి రోజుల్లో ఏ షెడ్డులోనో కోసిన కారు కూడా దాదాపు అదే రూపంలో కనిపిస్తుంది. బానెట్, డిక్కీ, ముందు మడ్‌గార్డ్ నుంచి డోర్ మీదుగా కిందికి జారే ఆ గీత రెండింటిలోనూ ఒకటే. పైగా క్లౌడ్ 2 కన్వర్టిబుళ్ళకు ఛాసిస్ నంబర్లు సెడాన్ల వరుసలోనే కలిపి ఇచ్చారు కాబట్టి, నంబరు చూసినంత మాత్రాన ఏమీ తేలదు. ఇంగ్లండులోని పాలర్స్‌పరీలో రోల్స్ రాయిస్ ఎన్థూజియాస్ట్స్ క్లబ్ భద్రపరచిన ఛాసిస్ కార్డుల్లో ఆ కారు పుట్టుక ఏమని రాసి ఉందో చూసుకోవాల్సిందే.

షాడోది వేరే కథ. 1965లో వచ్చిన ఈ కారుకు విడి ఛాసిస్ లేదు. బాడీయే బరువు మోస్తుంది, టాప్ కూడా అందులో తన వంతు మోస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా తేల్చే విషయం ఇదే: టాప్ తీసేశాక, అది మోసిన బరువును ఎవరు మోస్తున్నారు? క్లౌడ్ అయితే ఎవరు కోసినా కింద ఛాసిస్ ఉంది కనుక ఎంతో కొంత కాచుకుంటుంది. షాడోను అలా కోస్తే కారు నడుము విరిగినట్టే. ముల్లినర్ పార్క్ వార్డ్ వారు 1967లో తెచ్చిన కన్వర్టిబుల్‌కు సెడాన్ బాడీని కోయలేదు. కింది భాగాన్ని బలపరిచి, పై బాడీని లండన్‌లోని విల్స్‌డన్‌లో తామే వేరుగా కట్టారు.

అలా కట్టడం వల్లనే గుర్తు కూడా మిగిలింది. సెడాన్‌లో కిటికీల కింది గీత ముందు నుంచి వెనక్కి తిన్నగా పోతుంది. ముల్లినర్ పార్క్ వార్డ్ కారులో అది డోర్ చివర కొంచెం దిగి, వెనుక చక్రం మీద తుంటిలా లేస్తుంది. ఆ తుంటి లేకుండా తిన్నటి గీతతో, రెండు డోర్లతో షాడో కన్వర్టిబుల్ కనబడితే అది తర్వాత కోసినదని పక్కాగా చెప్పవచ్చు. ఎందుకంటే తిన్నటి గీతతో రెండు డోర్ల కారు చేసిన జేమ్స్ యంగ్ అనే మరో కోచ్‌బిల్డర్ టాప్ ఉన్నవే చేశారు, అవి కూడా రోల్స్ 35, బెంట్లీ (అదే కంపెనీ మరో పేరుతో అమ్మిన జంట కారు) 15, మొత్తం 50 మాత్రమే. నంబరు కూడా దీన్నే బలపరుస్తుంది. ఫ్యాక్టరీ నుంచి నాలుగు డోర్లతో వెళ్ళిన మామూలు సెడాన్ల నంబరు ‘ఎస్’ అక్షరంతో మొదలవుతుంది. కోచ్‌బిల్డర్ బాడీ వాటికి ‘సీ’, తర్వాతి కాలపు కన్వర్టిబుళ్ళకు ‘డీ’ వచ్చాయి.

రెండేళ్ళ క్రితం ఒక అమ్మకందారు ముల్లినర్ పార్క్ వార్డ్ షాడో అని చెప్పిన కారును చూడటానికి నేనూ ఒక మిత్రుడూ వెళ్ళాం. మిత్రుడు జేబులోంచి అయస్కాంతం తీసి డోర్ మీద పెట్టాడు, అంటుకోలేదు. పుట్టీ అనుకుని మొహం చిట్లించాడు. నిజానికి షాడోలో డోర్లు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియమే, అసలుదైనా నకిలీదైనా. ఆ పరీక్ష వెనుక మడ్‌గార్డ్ మీద చేయాలి, అది ఉక్కు. నేను చూసింది డోర్ వెనుక అంచు సందును. కిందవైపు చిటికెన వేలు దూరేంత ఉన్న ఆ సందు పైకి వచ్చేసరికి గోరు కూడా పట్టనంత ఇరుకైపోయింది, అంటే నడుము వంగుతోందన్నమాట. బానెట్ ఎత్తి నంబరు చూస్తే ‘ఎస్’.

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. విల్‌హెల్మ్ కోరెన్ గీసిన పార్క్ వార్డ్ కన్వర్టిబుల్, బెంట్లీ ఎస్2 కాంటినెంటల్‌తో మొదలై క్లౌడ్ 3 దాకా సాగింది. తిన్నటి మడ్‌గార్డు గీత, క్లౌడ్ 3లో ఏటవాలు జంట హెడ్‌లైట్లు చూస్తే ఇంకేదో అని పొరబడరు. 1971 తర్వాతివి కార్నిష్ పేరుతో వచ్చాయి; బాడీ అదే, డిక్కీ మీద పేరు ఉంటుంది.

అందంలో నా ఓటు క్లౌడ్‌కే, జాన్ బ్లాచ్లీ గీసిన ఆ జారుడు గీత టాప్ తీశాక ఇంకా బాగుంటుంది. అయినా నా డబ్బుతో కొనాల్సి వస్తే 1967, 1970 మధ్య వచ్చిన షాడో కన్వర్టిబుల్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే దాని పుట్టుకను రోడ్డు పక్క నిలబడి చూసి చెప్పగలను. క్లౌడ్ అయితే పాలర్స్‌పరీ నుంచి కాగితం వచ్చేదాకా బయానా ఇవ్వను.