1.5 కిలోవాట్ వాటర్ కూల్డ్ స్పిండిల్: విశాఖలో ఏడాదిన్నర వాడాక

అపార్టుమెంటు గదిలో సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపించే చెక్క కోత మెషీన్) నడపాలంటే మొదట అడ్డొచ్చేది చప్పుడే. బ్రష్‌ల మోటారుండే ట్రిమ్ రూటర్ (చిన్న చెక్క కోత పరికరం) ఖాళీగా తిరిగినా పై వాటా దాకా వినిపిస్తుంది. దాన్ని తీసేసి బిగించిన 80 ఎంఎం వ్యాసం, ఈఆర్11 కొల్లెట్ (బిట్‌ను పట్టి ఉంచే బిగింపు) స్పిండిల్ గురించి ఈ సమీక్ష. స్పిండిల్ అంటే కోసే బిట్‌ను తిప్పే మోటారు. బకెట్‌లోంచి పంపు తోడే నీళ్లే దీన్ని చల్లబరుస్తాయి.

ఖాళీగా 18,000 ఆర్‌పీఎం మీద తిరుగుతున్నా పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. బ్రష్‌లు లేవు, షాఫ్ట్ మీద ఫ్యాన్ లేదు. బేరింగుల సన్నని ఈల, బకెట్‌లో కూలర్ పంపు చప్పుడు, అంతే. బిట్ చెక్కలో దిగాక మాత్రం ఆ నిశ్శబ్దం ఉండదు. కోత చప్పుడు, పొట్టు లాగే వాక్యూమ్ రొద ఎప్పటిలాగే ఉంటాయి. వాక్యూమ్‌ను బాల్కనీలోకి మార్చకపోతే స్పిండిల్ మార్చిన ఫలం సగమే దక్కుతుంది.

నా దృష్టిలో అసలు లాభం వేరు: కోత ఎలా సాగుతోందో చెవికి తెలుస్తుంది. 6 ఎంఎం రెండు ఫ్లూట్ల (కోసే అంచుల) బిట్, 18,000 ఆర్‌పీఎం, ఒక్కో ఫ్లూట్‌కు 0.05 ఎంఎం చొప్పున ఫీడు (బిట్ ముందుకు కదిలే వేగం) నిమిషానికి 1,800 ఎంఎం. భయపడి 600కు తగ్గిస్తే బిట్ కొయ్యదు, రాస్తుంది. కీచుమంటుంది, పొట్టుకు బదులు పిండి రాలుతుంది, చెక్క అంచు నల్లబడుతుంది. రూటర్ రొదలో ఆ కీచు వినపడేదే కాదు.

వీఎఫ్‌డీ (స్పిండిల్‌కు కరెంటు ఇచ్చి వేగాన్ని మార్చే పెట్టె) సెట్టింగులు స్పిండిల్ కలపకముందే పూర్తి చేయాలి. 400 హెర్ట్జ్, 24,000 ఆర్‌పీఎం స్పిండిల్‌కు బేస్ (పూర్తి వోల్టేజ్ అందే చోటు), గరిష్ఠ ఫ్రీక్వెన్సీలు రెండూ 400 పెట్టాలి, పోల్స్ (మోటారు అయస్కాంత ధ్రువాలు) 2. బేస్‌ను 50 దగ్గరే వదిలేస్తే 50 హెర్ట్జ్‌కే పూర్తి వోల్టేజ్ వెళ్లి వైండింగ్ కాలిపోతుంది. స్పిండిల్ ఆగే సమయం మరీ తక్కువ పెడితే వీఎఫ్‌డీ ఓవర్ వోల్టేజ్ చూపించి ట్రిప్ అవుతుంది. 8 సెకన్లు సరిపోయింది. మోటారు కూత పెడుతుంటే కారియర్ ఫ్రీక్వెన్సీ (వీఎఫ్‌డీ లోపలి స్విచింగ్ వేగం) పెంచండి. కూత తగ్గుతుంది గానీ వీఎఫ్‌డీ వేడెక్కుతుంది, దాని ఫ్యాన్‌కు గాలి ఆడాలి.

ప్లగ్‌లో నాలుగో పిన్ (ఎర్త్) స్పిండిల్ బాడీకి కలిసిందో లేదో మల్టీమీటర్‌తో తప్పక చూడండి. చాలా చవక స్పిండిళ్లలో కలిపి ఉండదు. ఎర్త్, షీల్డ్ కేబుల్ (చుట్టూ లోహపు జాలీ ఉన్న తీగ) లేకపోతే లిమిట్ స్విచ్‌లు (మెషీన్ హద్దు దాటకుండా ఆపేవి) వాటంతటవే తగిలినట్టు చూపిస్తాయి, పని మధ్యలో కంప్యూటర్‌తో యూఎస్‌బీ సంబంధం తెగిపోతుంది. వీఎఫ్‌డీ లీకేజీకి ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోవచ్చు. దాన్ని తప్పించి కలపడం ప్రాణాంతకం, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇక మన ఊరి తేమ. మే నెలలో నీళ్లు వేడెక్కుతున్నాయని బకెట్‌లో ఐసు వేయకండి. చల్లబడ్డ బాడీ మీద, లోపల కూడా చెమ్మ పడుతుంది. బకెట్ పెద్దది చేయడమే మేలు: 5 లీటర్లు గంటలో వేడెక్కాయి, 20 లీటర్లతో ఆ బాధ తప్పింది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి మూత పెడితే పాచి పట్టదు. పంపు ఆగిపోతే స్పిండిల్ ఆగేలా ఫ్లో స్విచ్ ఉండాలి. ఉప్పు గాలికి కొల్లెట్ తుప్పు పడుతుంది. పని అయ్యాక తీసి, తుడిచి, పల్చగా నూనె రాయాలి. తుప్పు చుక్క ఒక్కటున్నా బిట్ వంకరగా తిరుగుతుంది, చప్పుడూ పెరుగుతుంది.

బరువు సుమారు 4 కిలోలు. 3018 లాంటి చిన్న సీఎన్‌సీ మెషీన్ల జడ్ యాక్సిస్ (స్పిండిల్‌ను పైకీ కిందికీ కదిపే భాగం) దీన్ని మోయలేదు. బాల్‌స్క్రూ (గోళీల మీద తేలిగ్గా తిరిగే స్క్రూ) జడ్ ఉంటే కరెంటు పోయినప్పుడు స్పిండిల్ కిందికి జారి బిట్ చెక్కలో దిగబడుతుంది. బ్రేకో, బరువును ఆపే స్ప్రింగో ముందే బిగించుకోండి.